బండిలో కాపురం – శుభ్రతకు రెండు కొలతలు

నిలకడగా ఉన్న ఇంటిని ఊడ్చడంలో చిక్కేమీ లేదు. చెత్త గుమ్మం దాటుతుంది, మురుగునీరు తూములోకి పోతుంది, ఎవరి వాకిలి వారిది. కానీ ఇల్లే చక్రాలెక్కి ఊరూరా తిరుగుతుంటే గుమ్మానికి అవతల ఉండేది నేడొక ఊరు, రేపింకొకటి. అప్పుడు ఊడ్చిన దుమ్ము ఎవరి వాకిట్లో పడుతుంది? కడిగిన నీరు ఎవరి పొలంలోకి పారుతుంది? పైకి ఇది గృహిణుల సమస్యలా కనిపిస్తుంది గాని, ఇంగ్లండులో నూరేళ్ళకు పైగా శాసనకర్తలు తలలు పట్టుకున్న ప్రశ్న ఇది. కొంతకాలంగా నేను ఈ కారవాన్ల చరిత్రను చదువుతున్నాను. శుభ్రత అనే మాటకు అక్కడ రెండు కొలతలున్నాయని, ఒక కొలతతో కొలిచేవారికి రెండవది కనబడనే లేదని నాకు తోచింది. ఆ సంగతే ఈ టపా.

1885 వేసవిలో గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు దేశీయుడు ఇంగ్లండులోని ట్వైఫర్డ్ నుండి ఒక గుర్రపుబండిలో బయలుదేరాడు. ఆయన బ్రిటిషు నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి విరమించినవాడు, పిల్లల కోసం సాహసగాథలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. బండి పేరు ‘వాండరర్’. బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ వారు మహాగని, మేపుల్ కలపతో చేసి ఇచ్చారు. బరువు దాదాపు రెండు టన్నులు. రెండు గుర్రాలు లాగాలి. లోపల సోఫా, పుస్తకాల అర, పింగాణీ సామాను, వెనుక చిన్న వంటగది. బండి తోలడానికి ఒక మనిషి, సేవకు ఫోలీ అనే పరిచారకుడు. ఈ ఫోలీ మూడు చక్రాల సైకిలెక్కి ముందుగా పోయి దారి బాగున్నదో లేదో చూసి వచ్చేవాడు. ఇంకా ఒక పెద్ద కుక్క, ఒక కాకటూ చిలుక. ఇంత సంసారంతో ఆయన ఇన్వర్నెస్ దాకా 1,300 మైళ్ళు ప్రయాణించి, మరుసటి ఏడు ఆ యాత్రను పుస్తకంగా అచ్చువేశాడు. వినోదం కోసం చేసిన కారవాన్ యాత్రలకు ఆద్యుడని నేటికీ ఆయననే తలుస్తారు.

ఆనాటి రోడ్లకు తారు లేదు. ఎండలో దుమ్ము, వానలో బురద. అటువంటి దారిన మహాగని నిగనిగలాడాలంటే దినమూ ఎవరో ఒకరు తుడవవలసిందే. యజమానికి పరిచారకుడున్నాడు గనుక బండి మెరిసింది. దారిలో జనం మూగి ముచ్చటగా చూశారే గాని, లోపల ఎన్ని క్రిములున్నవో పరీక్షిస్తామని అధికారులెవరూ తలుపు తట్టలేదు.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే అదే దేశంలో తలుపు తట్టడానికి చట్టం కావాలని తిరుగుతున్న మనిషి మరొకడున్నాడు. ఆయన కోల్‌విల్ ఊరి జార్జ్ స్మిత్. బాల్యంలో ఇటుకబట్టీలో మోతపని చేసినవాడు. పెద్దయ్యాక బట్టీలలో మగ్గుతున్న పిల్లల కోసం పోరాడి 1871లో చట్టం సాధించాడు. తరువాత కాలువ పడవలలో కాపురముండే కుటుంబాల కోసం 1877లో మరొక చట్టం తెప్పించాడు. అందులో పడవల నమోదు, ఆరోగ్య తనిఖీ ప్రధానమైనవి. ఆ మీదట ఆయన దృష్టి బండ్లలో తిరిగే జిప్సీల మీద పడింది. 1880లో వారి జీవితం గురించి పుస్తకం రాశాడు. వారి బండ్లను నమోదు చేయాలని, ఆరోగ్య తనిఖీదారులు లోపలికి వెళ్ళి చూడాలని, పిల్లలను బడికి పంపాలని కోరుతూ ‘కదిలే నివాసాల బిల్లు’ను పలుమార్లు పార్లమెంటు ముందుకు తెప్పించాడు. ఆయన దయను శంకించలేము. కానీ ఆ దయకు ఆధారం ఒక నిశ్చితాభిప్రాయం: బండిలో కాపురమంటే మురికి కాపురమే.

బిల్లు నెగ్గలేదు. సంతలలో ఆటలాడించి బతికే బండ్లవారు 1889లో సంఘం పెట్టుకుని దానిని ఎదిరించారు. మా ఇంట్లోకి రావడానికి మీరెవరన్నదే వారి వాదంలోని సారం. ఇటుకలతో కట్టిన ఇల్లు కోట అయితే చెక్కతో కట్టిన ఇల్లు ఎందుకు కాకూడదు?

* * *

ఇంతకూ ఆ జిప్సీ బండి లోపల ఏముంది?

బ్రిటనులో రోమానీ ప్రజల జాడ 1505 నుండి కనిపిస్తున్నా, వారు బండ్లలో కాపురముండడం పంతొమ్మిదవ శతాబ్ది నడుమనే మొదలైంది. అంతకుముందు గుడారాలే. వారి బండి పేరు ‘వార్డో’. చెక్కిన కలప, బంగారు రేకుల పూత, చివరగా అడ్డంగా మంచం, దాని కింద పిల్లలు పడుకునే అర. ముందు తలుపు గుండా లోపలికి అడుగుపెడితే ఎడమచేతి వైపు పొయ్యి. దీనికొక కారణముంది. అక్కడ బండ్లు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. పొయ్యి బండికి కుడివైపున ఉంటే పొగగొట్టం రోడ్డంచున ఉన్న చెట్ల కొమ్మలకు తగలదు. మసిపట్టిన వంటపాత్రలు లోపలికి రావు. బండి వెనుక వాటికి వేరే పెట్టె. వంటలో చాలా భాగం ఆరుబయట నిప్పు మీదనే. ఇంత చిన్న చోట మసికి చోటివ్వకుండా ఏర్పాటు చేసుకున్నవారిని మురికివారనడం వింతగా లేదూ?

అసలు సంగతి ఇంకా లోతున ఉంది. జూడిత్ ఓక్లీ అనే మానవశాస్త్రవేత్త 1970లలో ఇంగ్లండు జిప్సీల మధ్య నివసించి, 1983లో ఒక గ్రంథం వెలువరించింది. అందులోని శుభ్రత ప్రకరణం చదువుతుంటే తెలుగువాడికి ఎక్కడో విన్న మాటలా అనిపిస్తుంది. పాత్రలు కడిగే బేసిను వేరు, ఒళ్ళూ బట్టలూ కడిగే బేసిను వేరు. ఎవరైనా పొరపాటున పాత్రల బేసినులో చేతులు కడిగితే ఇక అది పనికిరాదు. ఎంత తోమినా సరే, పారవేయవలసిందే. కుక్క నాకిన పళ్ళెం గతీ అంతే. పిల్లి తన ఒళ్ళు తానే నాకుతుంది గనుక అది మైల జంతువు. ముళ్ళ వల్ల ఒళ్ళు నాక్కోలేని హెడ్జ్‌హాగ్ శుభ్రమైనది.

వారి భాషలో ఇందుకు రెండు మాటలున్నాయి. బురద, దుమ్ము అంటితే ‘చిక్లి’. కడిగితే పోయేది. కడిగినా పోనిది ‘మొకడి’. మురికి, మైల అని మనం వెంటనే అనువదించుకోగలం. ఇంగ్లీషు పాఠకుడికి ఈ భేదం బోధపరచడానికి ఆమెకు చాలా పేజీలు పట్టాయి. మనకు ఒక్క ‘ఎంగిలి’ చాలు. తిన్న పాత్రలను మనం ‘అంట్లు’ అనే అంటాం. అంటు అనేది ఆ మాటలోనే దాగి ఉంది.

ఇప్పుడు కారవాన్ తయారీదారుల వైపు చూడండి. వారు గర్వంగా కిటికీ కింద ఒక సింకు అమర్చారు. చేతులు అందులోనే, కూరలు అందులోనే, గిన్నెలు అందులోనే. జిప్సీ ఇల్లాలి కళ్ళకు అది అసహ్యానికి పరాకాష్ఠ. ఓక్లీ చూసిన కుటుంబాలు సింకు లేని బండ్లను కోరుకునేవి, ఉంటే వాడేవి కావు. 1920లలో ఎల్సాన్ వంటి రసాయన మరుగుదొడ్లు అమ్మకానికి వచ్చి తరువాత కారవాన్ వారికి వరమయ్యాయి. అన్నం తినే గదికి అడుగు దూరంలో మరుగుదొడ్డి ఉండడం జిప్సీలకు రోతగా తోచింది. తనిఖీదారు వచ్చి ‘సింకు లేదు, మరుగుదొడ్డి లేదు, అనారోగ్యకరం’ అని రాసుకుంటాడు. లోపలి ఇల్లాలు ‘వీళ్ళు ముఖం కడిగిన దాంట్లోనే అన్నం గిన్నె కడుగుతారట’ అనుకుంటుంది. ఎవరి పట్టికలో వారు ఒప్పే. ఊరివారికి కనబడేది బండ్ల చుట్టూ పడి ఉన్న చెత్త. ఆ చెత్త లోపలికి రాకూడదు గనుకనే అవతలికి విసిరారు. ఇది ఊరివారికి జరిగిన అపకారం కాదని నేననను. లోపలి శుచి కోసం బయటివాడి నేల పాడైందన్నది నిజమే.

ఈ ఆచారాలు భారతదేశం నుండే వెళ్ళాయా అని అడగాలనిపిస్తుంది. రోమానీ భాష మన ఉత్తరాది భాషలకు చెల్లెలన్నది స్థిరపడిన విషయం. నీరు ‘పానీ’, నిప్పు ‘యాగ్’, కత్తి ‘చురి’, అంకెలు యెక్, దుయ్, త్రిన్. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం గ్రీకు నుండి తెచ్చుకున్నవి. ప్రయాణించిన దారి అంకెలలో కూడా నిలిచిపోయింది. 2012లో వెలువడిన జన్యు అధ్యయనం కూడా వాయవ్య భారతాన్నే వారి మూలస్థానంగా చూపింది. అయితే ఓక్లీ ఆచారాలను వారసత్వంగా చూడలేదు. తమను తరిమే సమాజం నడుమ బతుకుతూ, ‘మేము వేరు’ అని నిలుపుకోవడానికి గీసుకున్న గీతగా వివరించింది. నాకు ఆ వివరణే సబబనిపిస్తుంది. ఒక తేడాను మాత్రం మరువరాదు. మన మడి బలవంతుడి చేతిలో ఉండి, బలహీనుడిని బావి దగ్గరకు రానివ్వలేదు. వారి మడి బలహీనుడి చేతిలో ఉండి, బలవంతుడిని గుమ్మం దగ్గర ఆపింది. పోలిక చూసి మురిసిపోయే ముందు ఇది తలచుకోవడం మంచిది.

* * *

1907లో లండనులో కారవాన్ క్లబ్బు ఏర్పడింది. వృద్ధుడైన స్టేబుల్స్ దానికి ఉపాధ్యక్షుడు. 1919లో ఎక్లిస్ అనే బర్మింగ్‌హామ్ సంస్థ కార్లు లాగే కారవాన్లను అమ్మకానికి తయారుచేయడం ఆరంభించింది. వీటితో సరికొత్త శుభ్రతాసమస్య పుట్టింది. వేసవిలో వాడి, చలికాలమంతా పక్కన పెట్టే ఇల్లు ఇది. మనుషులు లేని ఇంటిని శుభ్రంగా ఉంచడమెలా?

ఆ దేశంలో ఇందుకు శత్రువు దుమ్ము కాదు, చెమ్మ. చాలాకాలం కారవాన్లను కలప చట్రం మీద అల్యూమినియం రేకులు తొడిగి కట్టేవారు. రేకుల అతుకులలో పూసిన మాస్టిక్ ఎండి పగిలితే వాననీరు లోపలికి దిగుతుంది. బయటికి మెరుస్తూనే ఉంటుంది, లోపల కలప పుచ్చిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు చలికి ముందు పైకప్పు మొదలుకొని కిందికి కడుగుతారు. పచ్చని నాచు పేరుకునేది పైకప్పు మీదనే. అతుకుల మీద నీటిని ఒత్తిడితో చిమ్మరు. కిటికీలు గాజువి కావు, గీతలు పడే ఆక్రిలిక్‌వి గనుక గరుకు పొడులు తాకనివ్వరు. గొట్టాలలో నీరంతా వదిలేసి కుళాయిలు తెరిచి ఉంచుతారు. లేకుంటే గడ్డకట్టిన నీరు గొట్టాన్ని చీలుస్తుంది. పరుపులు గోడకు ఆనకుండా నిలబెడతారు. అలమరల తలుపులు, ఫ్రిజ్ తలుపు ఓరగా ఉంచుతారు. గాలి రంధ్రాలు మూయరు. పైన కప్పే ముసుగు గాలి ఆడే బట్టతో ఉండాలి. టార్పాలిన్ కప్పితే లోపలి ఆవిరే నీరై బూజు పడుతుంది. చెమ్మ కొలిచే పరికరం 15 శాతం లోపు చూపితే నిశ్చింత, 20 దాటితే అనుమానం.

రోమానీ బండికి ఈ బాధలేదు. ఏడాది పొడుగునా పొయ్యి వెలిగే ఇంట్లో చెమ్మ నిలవదు. దాచిపెట్టడమన్న మాటే లేదు. యజమాని మరణిస్తే బండినీ, అతని వస్తువులనూ దహనం చేసేవారు, పింగాణీని పగలగొట్టేవారు. చావు మైలకు కడిగే ఉపాయం లేదు, నిప్పొక్కటే శుద్ధి. పాత వార్డోలు తక్కువగా మిగలడానికి ఇదొక కారణం. స్టేబుల్స్ వాండరర్ మాత్రం క్లబ్బు సంరక్షణలో భద్రంగా ఉంది.

చట్టమూ ఇలాగే ఒకరిని భద్రపరచి ఇంకొకరిని తుడిచింది. 1960లో కారవాన్ స్థలాల చట్టం వచ్చింది. అనుమతి లేకుండా రైతు తన పొలంలో కారవాన్లను నిలపనివ్వరాదు, ఊరి బంజరులోకి రాకుండా పురపాలకులు మూయవచ్చు. తరతరాలుగా కోతల కాలంలో పొలం గట్టున దిగిన జిప్సీలకు చోటు పోయింది. అదే చట్టం అనుబంధంలో విహార సంఘాలకు మినహాయింపు ఉంది. గుర్తింపు పొందిన క్లబ్బు ధ్రువీకరిస్తే అదే పొలంలో సభ్యుల కారవాన్లు ఐదు దాకా నిలవవచ్చు. పొలం ఒకటే, చక్రాలు ఒకటే. 1968 చట్టం జిప్సీలకు స్థలాలు కల్పించడం స్థానిక సంస్థల విధి అన్నది. 1994 చట్టం ఆ విధిని రద్దుచేసింది.

తిరిగేవాడిని అనుమానించే చూపు సముద్రం దాటి మన దాకా వచ్చింది. బ్రిటిషు ప్రభుత్వం 1871లో ఇక్కడ నేరస్థ తెగల చట్టం చేసి, 1911లో దానిని మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఉప్పు, ధాన్యం మోస్తూ తిరిగిన ఎరుకలవారిలో కొందరిని బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో కూర్చోబెట్టి హాజరు వేయించారు. స్మిత్ తన దేశంలో నెగ్గించుకోలేకపోయిన నమోదు, తనిఖీ ఇక్కడ అడిగినవాడు లేక సాగిపోయాయి.

శుభ్రత మంచిదే. దానిని ఎవరూ కాదనరు. అయితే ఒకడి ఇంట్లోకి మనం చీపురు పట్టుకుని పోవాలనుకున్నప్పుడు, ఆ గుమ్మం వద్ద కాసేపు ఆగి, లోపల ఎన్ని బేసినులున్నవో, ఏది దేనికో అడగడం మర్యాద. వాండరర్ యజమానిని ఎవరూ అడగలేదు, అడగనవసరం లేదనుకున్నారు గనుక. వార్డో ఇల్లాలినీ ఎవరూ అడగలేదు, జవాబు తమకు తెలుసనుకున్నారు గనుక.