పండు వయసులో విరిగిన తుంటి: వైద్యం పుట్టుపూర్వోత్తరాలు

ముసలితనంలో తుంటి విరగడానికి పెద్ద ప్రమాదమేమీ జరగనక్కర్లేదు. తడి గచ్చు మీద కాలు జారినా, చీకట్లో గడప తట్టుకున్నా చాలు. ఎముకలు అప్పటికే గుల్లబారి ఉంటాయి కాబట్టి ఆ కాస్త దెబ్బకే తొడ ఎముక మెడ దగ్గర పుటుక్కుమంటుంది. కాలు పొట్టిబడి, పాదం బయటికి వాలిపోతుంది. అసలు గండం ఆ తర్వాతే మొదలవుతుంది. కదలకుండా పడుకున్న కొద్ది రోజుల్లోనే వీపు కింద పుండ్లు పడతాయి, ఛాతీలో నెమ్ము చేరుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. రాత్రయ్యేసరికి సోయి తప్పి అయినవాళ్లనే గుర్తుపట్టలేని స్థితి వస్తుంది.

కట్టు కట్టే విద్య మనకు కొత్తది కాదు. విరిగిన ఎముకల రకాలనూ, వాటికి బద్దలు కట్టే తీరునూ సుశ్రుత సంహిత వివరించింది. కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు కోసం నేటికీ జనం దూరాభారం ప్రయాణించి వెళ్తున్నారు. అయితే తుంటికి ఏ కట్టూ నిలవదు. చుట్టూ ఉన్న బలమైన కండరాలు విరిగిన ముక్కలను పక్కకు లాగేస్తాయి. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ కాలికి బరువు వేలాడదీసి నెలల తరబడి పడుకోబెట్టేవారు. ఎముక అతికేలోపే మనిషి దక్కకుండా పోవడం మామూలుగా ఉండేది.

1925లో బోస్టన్‌లో ఎముకల సర్జన్ స్మిత్-పీటర్సన్ మూడు రెక్కల ఉక్కు మేకుతో తొడ మెడను బిగించడం మొదలుపెట్టాడు. 1950ల తొలినాళ్లలో మరో సర్జన్ ఆస్టిన్ మూర్ రూపొందించిన లోహపు బంతి, రక్తం అందక చచ్చుబడే ఎముక తల స్థానంలోకి వచ్చింది. దాంతో ఎముక సంగతి తేలింది. కానీ రోగికి బీపీ, షుగరు, గుండె జబ్బు, నెత్తురు తక్కువ కూడా ఉంటాయి, వాటిని చూడాల్సింది మరో వైద్యుడు.

వృద్ధుల వైద్యమనే ఆ రెండో దారి వేరేచోట మొదలైంది. 1935 నుంచి లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో వైద్యురాలు మార్జరీ వారెన్, ఇక లేవరని వదిలేసిన వృద్ధులను పరీక్షించి లేపి నడిపించింది. రెండు దారులూ కలిసింది ఇంగ్లండ్ సముద్రతీర పట్నం హేస్టింగ్స్‌లో. 1960లలో అక్కడ ఎముకల సర్జన్ మైకేల్ డెవాస్, వృద్ధుల వైద్యుడు రాబర్ట్ ఇర్విన్ ఒకే మంచం పక్కన కలిసి నిలబడి రోగులను చూశారు. త్వరగా ఆపరేషన్, వెంటనే లేపి నిలబెట్టడం వారి సూత్రం. ఈ వైద్యంలో నిజమైన మలుపు మేకు కాదు, ఈ జోడీయే. 2007లో బ్రిటన్‌లో తుంటి విరుపుల జాతీయ నమోదు ప్రారంభమైంది. 36 గంటల్లో ఆపరేషన్, వృద్ధుల వైద్యుడి పరీక్ష వంటి నియమాలు పాటించిన ఆసుపత్రులకు ఇంగ్లండ్ 2010లో అదనంగా చెల్లించడం మొదలుపెట్టింది.

భారతదేశంలో 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వృద్ధుల వార్డునూ, ఫిజియోథెరపీనీ నిర్దేశించింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో తుంటి విరిగితే వరంగల్ ఎంజీఎం దవాఖానే పెద్ద దిక్కు. ఆపరేషన్ ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసరా అయింది. దూరం మాత్రం అలాగే ఉండిపోయింది. రైలు లేని భూపాలపల్లి అడవి పల్లెల నుంచీ, మహబూబాబాద్ తండాల నుంచీ గతుకుల దారిలో విరిగిన కాలితో ప్రయాణం నరకమే.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. వైద్య కళాశాల అంటే ఎముకల విభాగం, జనరల్ మెడిసిన్, మత్తు వైద్యం తప్పనిసరిగా ఉండాలి. హేస్టింగ్స్ పద్ధతికి కావలసిన మనుషులు ఈ విభాగాల్లోనే ఉంటారు. తొలిరోజే ఇద్దరు వైద్యులూ కలిసి చూడాలి, నొప్పికి నరం దగ్గర మత్తు సూది వేయాలి, ఆపరేషన్ మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టాలి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, కలిసి పనిచేసే ఏర్పాటు కావాలి.

ఒక తుంటి విరిగినవారికి రెండోదీ విరిగే ముప్పు ఎక్కువ. అందుకే ఎముకలు గట్టిపడే మందులు, కాల్షియం, డి విటమిన్, కంటి శుక్లాల ఆపరేషన్, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కమ్మీ కూడా ఈ వైద్యంలో భాగమే. లేచి నిలబడగానే కళ్లు తిరిగేలా చేసే బీపీ, నిద్ర మాత్రలను ఇంటికి పంపేముందే సరిచూసి మార్చాలి.