మంచినీటి నత్తల సంతానోత్పత్తి పరీక్షలు

నీటిలో కలిసిన రసాయనం నత్తను చంపిందా లేదా అన్నది కాక, దాని సంతానాన్ని ఎంత తగ్గించిందో లెక్కగట్టే పరీక్షలివి. నిజానికి మంచినీటి నత్తల మీద రసాయనాలు ప్రయోగించడం మొదలైంది వాటిని కాపాడడానికి కాదు, తుదముట్టించడానికి. బిల్హార్జియా జబ్బును మోసే నత్తలను నిర్మూలించేందుకు 1960ల నుంచి అనేక దేశాల్లో నిక్లోసమైడ్ వాడారు. అలాంటి నత్త బయోంఫలేరియా ఒమన్ దక్షిణాన ధోఫార్ నీటిమడుగుల్లోనూ ఉంది. అప్పట్లో కొలబద్ద ఒక్కటే: ఎంత మోతాదుకు సగం నత్తలు చస్తాయి? కాలుష్య పరీక్షలకూ అదే అలవాటు అంటుకుంది. మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చెరువు నత్తగుల్ల పిలా గ్లోబోసా మీద జరిగిన పరిశోధనలు చావుతో ఆగక, పురుగుమందుల వల్ల దాని ఒంట్లోని జీవక్రియలు ఎలా మారతాయో చూశాయి. అది విలువైన పని. అయినా వచ్చే ఏడు ఆ చెరువులో నత్తలు ఉంటాయా అన్న ప్రశ్నకు జవాబు పిల్లల లెక్కలోనే దొరుకుతుంది.

ఆ సంగతిని ముందుగా బయటపెట్టినవి సముద్రపు నత్తలు, అవీ ఒమన్ తీరంలోని మత్రా వంటి ఓడరేవుల్లో బతికేవి. ఓడ అడుగున నాచూ గుల్లలూ పట్టకుండా ట్రైబ్యూటిల్‌టిన్ కలిపిన రంగు పూసేవారు. ఆడనత్తలకు మగ అవయవం మొలవడాన్ని గమనించిన అమెరికా శాస్త్రవేత్త స్మిత్ 1971లో ఆ స్థితికి ఇంపోసెక్స్ అని పేరు పెట్టాడు. కారణం ఆ రంగేనని తేలడానికి మరో పదేళ్లు పట్టింది. లీటరు నీటిలో గ్రాములో వందకోట్లో వంతు ఉన్నా చాలు, కొన్ని జాతుల్లో ఆ మార్పు మొదలవుతుంది. ముదిరితే గుడ్లు బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. నత్త తింటుంది, పాకుతుంది, చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది, కానీ దాని వంశం అక్కడితో ఆగిపోతుంది. చావుల లెక్కకు ఇది చిక్కదు. అర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల సాగు దెబ్బతిన్నాక 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు ఆ రంగును నిషేధించింది. ప్రపంచవ్యాప్త ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది.

మంచినీటి వైపు పద్ధతి కుదురుకోవడానికి ఇంకా సమయం పట్టింది. చివరికి 2016లో ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ రెండు ప్రామాణిక పరీక్షలను ఆమోదించింది. 243వ సంఖ్య పరీక్షలో లిమ్నియా స్టాగ్నాలిస్ నత్తలను 28 రోజులు రసాయనం కలిపిన నీటిలో ఉంచి, లెట్యూస్ ఆకు మేపుతూ, గాజుకు అంటిన జిగురు గుడ్లముద్దలను ఎప్పటికప్పుడు తీసి లెక్కపెడతారు. 242వ దాంట్లో వాడేది న్యూజిలాండ్ నుంచి యూరప్‌కు పాకిన పొటమోపిర్గస్, బియ్యపుగింజ కన్నా చిన్న నత్త. దీనికి మగ తోడు అక్కర్లేదు, పిల్లలను కడుపులోని సంచిలోనే పెంచుతుంది. 28 రోజులయ్యాక దానికి మత్తిచ్చి, పెంకు చిట్లగొట్టి, సూక్ష్మదర్శిని కింద సంచి విప్పితే పిండాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. వాటి సంఖ్యే ఫలితం.

నత్త హార్మోన్లకూ మన హార్మోన్లకూ పోలిక లేనప్పుడు ఈ లెక్క మనకెందుకు అని కొందరి అభ్యంతరం. ఈ పరీక్ష మనిషికి బదులుగా నత్తను నిలబెట్టడం లేదు. ఇక్కడ కాపాడవలసింది నత్తనే, దాన్ని తిని బతికే చేపనూ పిట్టనూ. పైగా నత్తలో ట్రైబ్యూటిల్‌టిన్ పట్టుకునేది రెటినాయిడ్ ఎక్స్ అనే గ్రాహకాన్నని 2004లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. ఆ గ్రాహకం వెన్నెముక జీవుల్లోనూ ఉంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం, ఫలితాలు ప్రయోగశాలకొక తీరుగా వస్తాయన్నది. ప్లాస్టిక్‌లోని బిస్ఫినాల్-ఎ వల్ల మరీసా నత్తలు మితిమీరి గుడ్లు పెట్టి చచ్చాయని 2000లో జర్మనీలో ఓలమన్ బృందం చెప్పింది. తర్వాత ఇతరులు చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. ఓలమన్ బృందమే 2006లో ఇచ్చిన వివరణ ఆలోచించదగ్గది: 20 డిగ్రీల నీటిలో స్పష్టంగా కనిపించిన ప్రభావం 27 డిగ్రీల్లో మరుగునపడిందట, ఆ వేడిలో నత్తలు ఎలాగూ నిండుగా గుడ్లు పెడుతుంటాయి గనుక. వివాదం తీరలేదు. అంతమాత్రాన పరీక్ష వృథా అనలేం. ఉష్ణోగ్రతనూ కాలాన్నీ ముందే కట్టుదిట్టంగా నిర్ణయించాలన్నదే దీన్నుంచి తేలేది.

సరిగ్గా ఇక్కడే మత్రా లాంటి చోట చిక్కు వస్తుంది. పొటమోపిర్గస్ పరీక్ష 16 డిగ్రీల్లో, లిమ్నియాది 20 డిగ్రీల్లో జరగాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఆ తీరానికి చల్లదేశపు నత్త చెప్పిన హద్దును యథాతథంగా అరువు తెచ్చుకోవడం సరికాదు. ఒమన్ లోతట్టున, యునెస్కో 2006లో గుర్తించిన ఫలజ్ కాలువల్లో నీరు ముందు తాగడానికి, తర్వాత మసీదుకూ స్నానాలకూ, ఆఖరున ఖర్జూర తోటలకూ పోతుంది. ఆ దారి పొడవునా సబ్బూ ఎరువూ నీటిలో కలవవచ్చు. ఆ కాలువల్లో మెలనాయిడ్స్ ట్యుబర్కులేటా అనే సన్నటి పొడుగు గుల్ల మామూలే, మన చెరువుల్లోనూ అది ఉంటుంది. అదీ ఎక్కువగా మగ తోడు లేకుండానే పిల్లలను సంచిలో పెంచుతుంది, వేడినీటికి అలవాటు పడింది. అది మొండిది, సున్నితమైన జాతుల కష్టాన్ని దాచేస్తుందన్న మాట నిజమే, అందుకే గుడ్లు పెట్టే మరో స్థానిక నత్తను దానికి జత చేయాలి. మత్రా రేవు నుంచి సరుకు ఓడలు 2014లో సోహార్‌కు తరలిపోయాయి. లోతట్టు ఫలజ్ మాత్రం ఎక్కడికీ పోదు. ఆ నీటిని వాడేవారు, దాన్ని పరీక్షించేవారు ఆ గుల్లల సంచుల్లోని పిల్లలను లెక్కపెట్టడం మొదలుపెట్టాలి.