పాలు మాన్పించిన తల్లుల దిగులు: రెండు వందల ఏళ్ల లెక్క

పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో 1811 నుంచి 1814 వరకు మతి చలించి చేరిన స్త్రీలు 1119 మంది. వారిలో 92 మందికి కాన్పు తరువాతనో, పాలిచ్చే రోజుల్లోనో, పాలు మాన్పించాకనో జబ్బు మొదలైందని అక్కడి వైద్యుడు ఎస్కిరోల్ తేల్చాడు. ఎప్పుడు మొదలైందన్నది కూడా విడదీసి రాశాడు. కాన్పయిన నాలుగు రోజుల్లోపు 16 మందికి, పదిహేనో రోజులోపు 21 మందికి, అరవయ్యో రోజులోపు 17 మందికి, ఆపైన ఏడాదిలోపు పాలిస్తుండగా 19 మందికి. మిగిలిన 19 మందికి పాలు మాన్పించిన తరువాత వచ్చింది. తమంతట తాము మాన్పించినవారూ, విధిలేక మాన్పించినవారూ వీరిలో ఉన్నారు. అంటే ఆ 92 మందిలో దాదాపు అయిదుగురికొకరు.

అప్పటికి ఫ్రాన్స్‌లో ప్రబలంగా ఉన్న నమ్మకం వేరు. ఆగిపోయిన పాలు ఒంట్లోకి ఎక్కి, తలకు చేరి మతి చెడగొడతాయని జనమూ, చాలామంది వైద్యులూ అనుకునేవారు. కారణం తప్పే. కానీ పాలు ఆగడానికీ మనసు చెదరడానికీ పొత్తు ఉందన్న గమనిక మాత్రం ఆ నమ్మకంలోనే నిలిచి ఉంది.

1858లో మార్సే అనే ఫ్రెంచి వైద్యుడు గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల మానసిక వ్యాధులపై విడిగా ఒక గ్రంథమే రాశాడు. బ్రిటన్‌లో 1865లో బ్యాటీ ట్యూక్ ఎడింబరో ఆసుపత్రి లెక్కలు ప్రకటించాడు. 155 మందిలో గర్భకాలంలో జబ్బుపడినవారు 28, కాన్పు దరిదాపుల్లో 73, పాలిచ్చే కాలంలో 54. ఈ మూడో పద్దులో మాన్పించిన తల్లులకు వేరే గడి లేదు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. సరైన తిండి లేని పేద ఇల్లాలు నెలల తరబడి పాలిచ్చి నీరసించడమే, పాలిచ్చే కాలపు ఉన్మాదమని తాము పిలిచిన ఈ జబ్బుకు మూలమని బ్రిటిష్ వైద్యులు భావించారు. మళ్లీ గర్భం రాకుండా ఉండాలని ఏడాది దాటినా పాలు మాన్పించనివారు ఆ రోజుల్లో ఎందరో. అందుకని వైద్యులు చెప్పిన చికిత్స బలమైన తిండి, విశ్రాంతి, ముందుగా బిడ్డకు పాలు మాన్పించడం. సాల్పెట్రియేర్ పట్టికలో జబ్బుకు ముందు జరిగిన సంగతిగా నమోదైనదే బ్రిటన్‌లో మందైంది. కృశించిన తల్లికి అది మేలే చేసి ఉండవచ్చు. మాన్పించాక దిగులుపడ్డ తల్లిని చూసే చూపు మాత్రం సన్నగిల్లింది.

ఇరవయ్యో శతాబ్దంలో మానసిక వ్యాధులను లక్షణాలను బట్టి వర్గీకరించడం మొదలయ్యాక, పాలిచ్చే కాలపు ఉన్మాదం అన్న పేరే పుస్తకాల్లోంచి జారిపోయింది. అదే శతాబ్దంలో హార్మోన్ల గుట్టు బయటపడింది. 1933లో ప్రొలాక్టిన్‌కు ఆ పేరు పెట్టారు. 1953లో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. పాలిచ్చేటప్పుడు ఈ రెండూ పనిచేస్తాయి, ఈస్ట్రోజెన్ తగ్గి ఉంటుంది. పాలు మాన్పించగానే మొదటి రెండూ పడిపోతాయి, నెలసరి చక్రం మళ్లీ మొదలవుతుంది. ఈ మార్పు కొందరిలో చిరాకు, ఏడుపు, నిద్రలేమి, దిగులు తెస్తుందని వైద్యులు భావిస్తారు. ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా మాన్పించమని చెప్పడానికి రొమ్ము గడ్డకట్టే బాధతో పాటు ఇదీ ఒక కారణం.

తెలుగు ఇళ్లలో చనుమొనకు వేపాకు ముద్ద రాసి మాన్పించే అలవాటు పాతదే. అందులో ఆరాటమంతా బిడ్డ ఏడుపు గురించి; బాలింతకు చేసే పథ్యం, చాకిరీ అప్పటికి ఎప్పుడో ముగిసి ఉంటాయి.

అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం 1994 కూర్పులో, కాన్పయిన నాలుగు వారాల్లోపు మొదలైన వ్యాకులతకే ప్రసవానంతరమన్న గుర్తు ఇచ్చింది. 2013 కూర్పు గర్భకాలాన్నీ కలుపుకుంది గానీ, కాన్పు తరువాతి గడువును నాలుగు వారాల దగ్గరే ఉంచింది. పదో నెలలో పాలు మాన్పించి కుంగిపోయిన తల్లి ఈ గడువులోకి రాదు. ఆమె జబ్బు మామూలు డిప్రెషన్ కింద నమోదవుతుంది. పాలు ఎప్పుడు మాన్పించిందన్నది వైద్యుడు అడిగితేనే కేసు కాగితాల్లోకి ఎక్కుతుంది.