ప్రాచీన భూగోళ శాస్త్రంలో అండమాన్, నికోబార్ దీవులు

క్రీస్తుశకం 2వ శతాబ్ది మధ్యకాలంలో అలెగ్జాండ్రియాలో నివసించిన టాలెమీ, తన భూగోళ గ్రంథపు ఏడవ భాగంలో గంగానదికి ఆవలి దేశాలను వర్ణిస్తూ, అక్కడి సముద్రంలోని దీవులకు కూడా ఒక పట్టిక ఇచ్చాడు. సముద్రపు గుల్లలు విస్తారంగా దొరికే, జనం బట్ట కట్టరని ప్రతీతి ఉన్న బజకట, నరమాంస భక్షకులవని పేర్కొన్న మూడు సిందాయి దీవులు, అగథోడైమోన్ దీవి, ఐదు బరుసాయి దీవులు అందులో కనిపిస్తాయి. వీటిలో ఏవి అండమాన్, ఏవి నికోబార్, ఏవి సుమత్రా దరిని ఉన్నవి అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయితే వాటి అక్షాంశ, రేఖాంశాలను డిగ్రీల్లోనూ డిగ్రీ భాగాల్లోనూ ఇచ్చిన ఆ పట్టికను చూసినవారికి, ఎవరో పరికరాలతో అక్కడికి వెళ్లి కొలిచి వచ్చారన్న భావన కలగడం సహజం. నిజానికి ఆ అంకెలకు ఆధారం సముద్రం మీద గడిపిన రోజులను గుర్తుంచుకున్న నావికుల మాట మాత్రమే.

భూమధ్యరేఖ నుంచి ఒక ఊరు ఎంత దూరాన ఉందో చెప్పే అక్షాంశాన్ని, నిలువుగా పాతిన కర్ర నీడను బట్టి గాని, ఏడాదిలో అతి దీర్ఘమైన పగటి నిడివిని బట్టి గాని నిర్ణయించే పద్ధతి గ్రీకులకు తెలుసు. తూర్పు పడమరల దూరాన్ని తెలిపే రేఖాంశానికి మాత్రం, ఒకే చంద్రగ్రహణాన్ని రెండు చోట్ల ఒకేసారి పరిశీలించి స్థానిక కాలాలను పోల్చడం తప్ప వారికి నమ్మకమైన మార్గం లేదు. అటువంటి పరిశీలనలు చాలా అరుదని టాలెమీయే ఒప్పుకున్నాడు. అందుచేత బంగాళాఖాతం విషయంలో అతడు తనకు ముందువాడైన టైర్ నగరవాసి మారినస్ సేకరించిన ప్రయాణ దూరాలను తీసుకుని, వాటిని సవరించే పని చేశాడు. నేటి ఒడిశా తీరంలోని గంజాం ప్రాంతంలో ఉండేదని భావించే పలూరా నుంచి, అరకాన్ తీరంలోదిగా చెప్పే సదా వరకు తూర్పుగా 13,000 స్టేడియాలని మారినస్ రాశాడు (స్టేడియం అంటే సుమారు 150 నుంచి 200 మీటర్ల గ్రీకు కొలమానం). ఓడ ఎల్లవేళలా ఒకే వేగంతో సాగదు గనుక టాలెమీ అందులో మూడో వంతు తగ్గించి 8,670గా నిర్ణయించి, డిగ్రీకి 500 స్టేడియాల చొప్పున దాదాపు 17 డిగ్రీలని తేల్చాడు. ఆ రెండు చోట్ల మధ్య అసలు దూరం సుమారు 9 డిగ్రీలే. భూమి చుట్టుకొలత 2,52,000 స్టేడియాలన్న గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ లెక్కను విడిచి, 1,80,000 అన్న చిన్న లెక్కను స్వీకరించడం వల్ల ఆ పొరపాటు మరింత పెరిగింది.

ఇక ఆ నావికులు ఎవరన్న ప్రశ్నకు సమాధానంలో కొంత తెలుగు తీరంలోనే దొరుకుతుంది. టాలెమీ మైసోలియా అని పిలిచిన కృష్ణా ముఖద్వార ప్రాంతంలో కొంటకొస్సిలా అనే వర్తక కేంద్రం ఉండేది. అది నేటి ఘంటసాల. అక్కడి ప్రాకృత శాసనం ఒకటి శివకుడనే మహానావికుణ్ని, అంటే ఓడల పెద్దను, పేర్కొంటుంది. ఆ తీరానికే ఉత్తరంగా, ఆగ్నేయాసియాలోని సువర్ణభూమికి వెళ్లే ఓడలు ఒడ్డును విడిచి నేరుగా నడిసముద్రంలోకి బయలుదేరే చోటును టాలెమీ ప్రత్యేకంగా గుర్తించాడు. రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మతో శాతవాహన రాజులు వేయించిన సీసపు నాణేలు కూడా ఈ కాలానివే. తూర్పుకు సాగే ఓడకు అండమాన్, నికోబార్ దీవులు ఉత్తర దక్షిణాలుగా 700 కిలోమీటర్లకు పైగా అడ్డం నిలుస్తాయి గనుక, వాటి నడుమ ఉన్న జలసంధుల జాడ తెలియనిదే ఆ ప్రయాణం క్షేమంగా సాగదు. చిన్న అండమాన్‌కు, కార్ నికోబార్‌కు మధ్య సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున్న పది డిగ్రీల జలమార్గం వాటిలో ముఖ్యమైనది. రుతుపవనాల రాకపోకలు, నక్షత్రాల ఎత్తు, ఒడ్డు ఎటు ఉందో తెలుసుకోవడానికి ఓడ మీద నుంచి వదిలే పక్షులు వారి సాధనాలు. సింహళ నావికులు ఈ పక్షులను తీసుకువెళ్లేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఈ విద్యను శాస్త్రం కన్నా తక్కువదిగా చూడడం న్యాయం కాదు, ఎందుకంటే టాలెమీ పట్టికకు ముడిసరుకు అందించింది అదే.

నావికుల నుంచి దూరాలతో పాటు భయాలు కూడా గ్రంథానికి ఎక్కాయి. నరమాంస భక్షకులన్న ముద్ర డిగ్రీల పక్కనే నిలిచి, ఆ దీవుల వారిని శతాబ్దాల పాటు వెంటాడింది. దీనికి భిన్నమైన సాక్ష్యం చైనా భిక్షువు ఇత్సింగ్ ఇచ్చాడు. 671లో స్వదేశం విడిచి, 673లో బెంగాల్ తీరంలోని తామ్రలిప్తి చేరిన అతడు, మలయా తీరాన ఉన్న కెడా నుంచి పది రోజులకు పైగా ఉత్తరంగా సాగి దిగంబరుల దేశాన్ని చూశాడు; అది నికోబార్ అని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. అక్కడివారు చిన్న పడవల్లో ఓడను చుట్టుముట్టి కొబ్బరికాయలు, అరటిపళ్లు, వెదురు వస్తువులు తెచ్చి ఇనుము మాత్రమే అడిగారనీ, రెండు వేళ్లంత ఇనుప ముక్కకు ఐదు నుంచి పది కొబ్బరికాయలు ఇచ్చారనీ అతడు రాశాడు. తమ నేలలో దొరకని లోహం విలువ ఎంతో ఎరిగి, ఏ ఓడ వచ్చినా దానికి ధర కట్టగల జనమే ఈ వర్ణనలో కనిపిస్తారు.