బార్డోలీ: పర్యాటక స్థలాలు, విహార ప్రదేశాలు

బార్డోలీ గుజరాత్ రాష్ట్రం సూరత్ జిల్లాలోని పట్టణం, అదే పేరుగల తాలూకాకు కేంద్రం. సూరత్‌కు తూర్పున సుమారు 34 కిలోమీటర్ల దూరంలో, మిండోలా నది ఒడ్డున ఉంది. 2011 జనగణన నాటికి పట్టణ జనాభా 60 వేల పైచిలుకు. పాత తెలుగు పుస్తకాల్లో ఈ పేరు బార్డోలి, బార్దోలి అని రెండు విధాలుగానూ కనిపిస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఇది బడిలో చదివిన సత్యాగ్రహం పేరే తప్ప, బస్సు దిగి చూడగల ఊరిగా తోచదు.

కట్టడాల వరకే అయితే పట్టణం చూడటానికి ఒక పూట చాలు. తూర్పున తాపీ నది వెంట ఉకాయి జలాశయం దాకా, దక్షిణాన అంబికా నది అడవుల దాకా ఉన్న ప్రాంతాన్ని కలుపుకుంటే మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇందులో తూర్పు భాగం 2007లో సూరత్ నుంచి విడదీసిన తాపీ జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు రాసిన గ్రంథాల్లో వ్యారా, సోన్‌గఢ్, వాలోడ్ సూరత్ జిల్లా కిందే కనిపిస్తాయి. వాలోడ్ 1928లో బార్డోలీ తాలూకాలో భాగంగా ఉన్న మహల్ (చిన్న పాలనా విభాగం) కనుక, సత్యాగ్రహ స్థలాలు చూడదలచినవారు జిల్లా హద్దును పట్టించుకోకపోవడమే మంచిది.

స్వరాజ్ ఆశ్రమం

పట్టణంలో ప్రధాన దర్శనీయ స్థలం ఇదే. ఆశ్రమం 1922లో మొదలైందని ఎక్కువమంది రాస్తారు. వల్లభ్‌భాయ్ పటేల్ నివాసం, గాంధీ బసచేసిన గది, ఖాదీ పని, తోట, సర్దార్ పేరుతో ఉన్న జాతీయ మ్యూజియం ఇందులోని విభాగాలు. మ్యూజియంలో ఎక్కువ భాగం ఛాయాచిత్రాలు. వరుసగా చూసుకుంటూ పోతే 1928 నాటి కథ దానంతట అదే అర్థమవుతుంది.

ఆ కథలోని అంకెల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. భూమిశిస్తు 30 శాతం పెంచారని చాలాచోట్ల రాసి ఉంటుంది. 30 శాతం అన్నది సెటిల్మెంట్ అధికారి జయకర్ చేసిన సిఫారసు. సెటిల్మెంట్ కమిషనర్ ఆండర్సన్ దాన్ని సుమారు 29కి తగ్గించాడు. 1927లో బొంబాయి ప్రభుత్వం ఖరారు చేసింది దాదాపు 22. రైతులు కట్టబోమని తీర్మానించింది 1928 ఫిబ్రవరి 12న. ఆగస్టులో రాజీ కుదిరింది. బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే అధికారులు విచారణ జరిపి 1929లో నివేదిక ఇచ్చాక పెంపు సుమారు 6 శాతానికి దిగింది. 6.03 అనే అంకె ఎక్కువగా కనిపిస్తుంది, 5.7 అని రాసినవారూ ఉన్నారు. ఇటువంటి తేడాలు వచ్చినప్పుడు, ఆ రోజుల్లో అక్కడే ఉండి 1929లో ‘ది స్టోరీ ఆఫ్ బార్డోలీ’ వెలువరించిన మహాదేవ్ దేశాయ్ మాటను తరవాతి బోర్డులకన్నా ముందు చూడాలి. ఆయన ఉద్యమ పక్షం మనిషే. అయినా లెక్కలు దాచలేదు.

పటేల్‌కు వచ్చిన ‘సర్దార్’ బిరుదు విషయంలోనూ ఒకే కథ లేదు. గాంధీ ఇచ్చారని కొందరు, బార్డోలీ స్త్రీలు పిలవడంతో స్థిరపడిందని ఎక్కువమంది, సభలో ఒక రైతు నోట వచ్చిందని మరికొందరు చెబుతారు. జనం నోట పుట్టి, తరవాత నాయకుల నోటికి ఎక్కిందనుకోవడం సబబుగా ఉంది. పోరాటానికి నేల సిద్ధంచేసిన స్థానిక నాయకులు కున్వర్‌జీ మెహతా, కల్యాణ్‌జీ మెహతా సోదరులు. మీఠుబెన్ పేటిట్, భక్తిబా వంటి స్త్రీలు ఊరూరా తిరిగారు. జప్తు భయంతో గేదెలను నెలల తరబడి ఇళ్లలోనే మనుషులతోపాటు తలుపు వేసి ఉంచారు. ఎండ తగలక అవి తెల్లబడ్డాయన్న ముచ్చట బార్డోలీ గురించి రాసిన ప్రతివారూ చెప్పేదే.

ఆశ్రమ చరిత్రలో రెండో ఘట్టం 1941 డిసెంబరు. గాంధీ సేవాగ్రామ్ నుంచి బార్డోలీ వస్తూ రైల్లోనే ‘నిర్మాణ కార్యక్రమం’ పుస్తకం రాశారు. ఆ నెలాఖరున కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ఇక్కడే సమావేశమైంది. సేవాగ్రామ్ ఉన్న వార్ధా వైపు నుంచి భుసావల్, జల్‌గావ్ మీదుగా ఇటు వచ్చేది తాపీ లోయ రైలుమార్గమే. ఇప్పుడు తెలుగువాళ్లు ఇక్కడికి వచ్చే దారీ అదే.

ఆశ్రమం చూసి బయటికి వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ వినిపించేది ముఖ్యంగా భూమి ఉన్న పాటీదార్ రైతు కథ. అదే పొలాల్లో తరతరాలుగా పాలేరుతనం చేసిన దూబ్లాలు, అంటే నేటి హళపతులు, గోడల మీది బొమ్మల్లో తక్కువ. వారి బతుకు తెలియాలంటే 1960ల నుంచి దక్షిణ గుజరాత్ కూలీలపై పనిచేసిన డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ రచనలు చదవాలి.

ఐతిహాసిక్ ఆంబో, కేదారేశ్వర్

ఆంబో అంటే గుజరాతీలో మామిడిచెట్టు. గాంధీ జనాన్ని ఉద్దేశించి మాట్లాడిన చోటుగా పట్టణంలో ఒక మామిడిచెట్టు ఆవరణను కాపాడుతూ వస్తున్నారు. ఆ సభను 1922 నాటి శాసనోల్లంఘన సన్నాహంతో ముడిపెట్టడం వాడుక. ఆ ఏడాది జనవరి చివర తాలూకా సదస్సు పన్ను నిరాకరణకు సిద్ధమని తీర్మానించింది. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో హింస జరిగింది. వారం రోజులకు వర్కింగ్ కమిటీ ఈ ఊళ్లోనే కూడి ఉద్యమాన్ని ఆపేసింది.

తెలుగు పాఠకుడు ఈ చెట్టు దగ్గర పెదనందిపాడును తలచుకోకుండా ఉండలేడు. 1922 జనవరిలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నులు కట్టడం మానేశారు. బార్డోలీ మొదట జరగాలని గాంధీ ఉద్దేశం. మొదలుకావలసిన బార్డోలీ మొదలుకాలేదు, మొదలైన పెదనందిపాడు ఆగిపోయింది. మళ్లీ 1928 విజయం తరవాత, కృష్ణా గోదావరి డెల్టా రైతులు తమపై ప్రతిపాదించిన 18¾ శాతం శిస్తు పెంపును ఎదిరించినప్పుడు బార్డోలీ పేరు అక్కడి సభల్లో తరచు వినిపించింది.

మిండోలా ఒడ్డున ఉన్న కేదారేశ్వర్ మహాదేవ్ ఆలయం స్థానికుల ఆరాధ్య స్థలం. శివరాత్రికీ శ్రావణ సోమవారాలకూ రద్దీ.

హరిపురా

తాలూకా ఉత్తర కొసన, కడోద్ దగ్గర, తాపీ ఒడ్డున ఉన్న పల్లె. 1938 ఫిబ్రవరిలో కాంగ్రెస్ 51వ మహాసభ సుభాస్ చంద్రబోస్ అధ్యక్షతన జరిగింది ఇక్కడే. వల్లభ్‌భాయ్ అన్న విఠల్‌భాయ్ పేరిట వెలసిన తాత్కాలిక నగరానికి విఠల్‌నగర్ అని పేరు పెట్టారు. 51వ సభ కాబట్టి 51 ఎద్దులు కట్టిన రథంపై బోస్‌ను ఊరేగించారు. రథం వాంస్‌దా సంస్థానానిదని చెబుతారు. మరుసటి ఏడాది ఇదే బోస్ అధ్యక్ష ఎన్నికలో మన భోగరాజు పట్టాభి సీతారామయ్యను ఓడించారు.

సభాస్థలిని అలంకరించడానికి నందలాల్ బోస్ గీసిన బొమ్మలు ‘హరిపురా పోస్టర్లు’గా ప్రసిద్ధం. దూదేకేవాడు, కుమ్మరి, డోలు వాయించేవాడు, వడ్లు దంచే స్త్రీ వంటి పల్లె మనుషులే వాటికి వస్తువు. వాటిలో ఎక్కువ భాగం ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు చేరాయి. హరిపురాలో వాటి కోసం వెతికితే నిరాశే. ఊళ్లో ఉన్నది తాపీ రేవు, సభ జ్ఞాపకం. నదిపై ఇక్కడ ఉన్న లోతట్టు కాజ్‌వే ఉకాయి నుంచి నీళ్లు వదిలినప్పుడల్లా మునిగి, అవతలి మాండ్వీ తాలూకా పల్లెలతో రాకపోకలు తెగిపోతాయి. వానాకాలంలో వెళ్లేవారు కడోద్‌లోనే అడిగి కదలాలి.

నీటి ప్రదేశాలు

నేటి బార్డోలీ చుట్టూ ఎటు చూసినా చెరకు. ఆ పచ్చదనం చూసి 1928 రైతు కూడా ఇంతే కలిగినవాడనుకుంటే పొరపాటు. అప్పటి నల్లరేగడిలో వానకు పండిన పత్తి, జొన్న ముఖ్యం. చెరకు కాలువతో వచ్చింది, కాలువ కాక్రాపార్‌తో వచ్చింది. కాబట్టి ఆశ్రమం తరవాత వెంటనే చూడవలసినది ఏ గుడో కాదు, ఈ ఆనకట్ట.

కాక్రాపార్ మాండ్వీ తాలూకాలో తాపీపై 1950ల తొలి సగంలో కట్టిన ఆనకట్ట. పొడవు సుమారు 600 మీటర్లు. రెండు ఒడ్ల నుంచీ కాలువలు బయలుదేరతాయి. వానల్లో నీరు ఆనకట్ట మీదుగా తెరలా పొర్లే దృశ్యం కోసం సూరత్ నుంచి జనం వస్తారు. నీటిలోకి దిగడం ప్రమాదకరం. సమీపంలోనే 1993 నుంచి నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం ఉంది. అది సందర్శకుల స్థలం కాదు.

ఉకాయి ఆనకట్ట తాపీపై ఎగువన, సోన్‌గఢ్ దగ్గర, 1972లో పూర్తయింది. వెనుక నిలిచిన వల్లభ్ సాగర్ గుజరాత్‌లోని అతి పెద్ద జలాశయాల్లో ఒకటి. పూర్తి నీటిమట్టం 345 అడుగులు. సూరత్ వాసులు వానాకాలంలో ఈ అంకెను మన విజయవాడవాళ్లు ప్రకాశం బ్యారేజీ నీటిమట్టాన్ని గమనించినట్టే గమనిస్తారు. 2006 ఆగస్టులో ఇక్కడి నుంచి వదిలిన నీటితోనే సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది. జలాశయం కింద సుమారు 170 పల్లెలు పూర్తిగానో కొంతగానో పోయాయి. నిర్వాసితుల్లో అధికులు గామీత్, వసావా వంటి ఆదివాసులు. విహారానికి వచ్చేవారికి గట్టుపైనుంచి కనిపించేది సముద్రం లాంటి నీరు, దూరాన కొండల వరుస. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. మార్చి దాటితే ఎండ తట్టుకోవడం కష్టం.

డోస్వాడ వీటికన్నా చిన్నది. బరోడా గాయక్వాడ్ల కాలం నాటి ఈ ఆనకట్ట బార్డోలీ మీదుగా పారే మిండోలాపైనే, నది పుట్టుకకు దగ్గరగా ఉంది. నిండి పొర్లే రోజుల్లో ఆదివారం గుంపులు తప్పవు.

సోన్‌గఢ్ కోట, అడవులు

ఉకాయి చూసేవారు సోన్‌గఢ్ కొండకోట కూడా ఎక్కుతారు. బరోడా గాయక్వాడ్ల తొలి రాజధాని ఇది. కోటను పిలాజీరావు గాయక్వాడ్ 1721 నుంచి 1766 వరకు కట్టించాడని ఒక వాక్యం పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతూ వస్తోంది. పిలాజీ 1732లో డాకోర్‌లో హత్యకు గురయ్యాడు. అందువల్ల మొదలుపెట్టింది ఆయన, మిగతా పని కుమారుడు దమాజీ కాలంలో సాగిందని గ్రహించాలి. 1766 ప్రాంతం రాజధాని పాటణ్‌కు మారిన కాలం. బహుశా ఆ తేదీయే నిర్మాణం ముగిసిన ఏడాదిగా స్థిరపడి ఉంటుంది. పైన ప్రాకారాల శిథిలాలు, గుడి, దర్గా ఉన్నాయి. వానల తరవాత ఎక్కితే లోయ అంతా కనిపిస్తుంది.

అంబికా నది ఒడ్డున అటవీశాఖ ఏర్పరచిన పదండుంగరీ విడిదిలో రాత్రి బస చేయవచ్చు. టేకు, వెదురు అడవి, నడకదారులు, నది. దగ్గరలోనే ఉనాయిలో వేడినీటి బుగ్గ, ఉనాయి మాత గుడి ఉన్నాయి. శరభంగ మహర్షి కోసం రాముడు బాణం వేసి వేడినీరు తెప్పించాడనీ, సీత స్నానం చేసి ‘హు నాహి’, అంటే నేను స్నానం చేశాను, అన్నదే ఉనాయి అయిందనీ స్థలపురాణం. పేరు వచ్చాక పుట్టిన కథలా ఉన్నా, బుగ్గ మాత్రం నిజంగా వేడిదే. మరికొంత దక్షిణాన వాంస్‌దా జాతీయ ఉద్యానం, 1979లో ప్రకటించినది, సుమారు 24 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు వాంస్‌దా రాజుల అడవి.

వాలోడ్ దగ్గరి వేడ్ఛీలో జుగత్‌రామ్ దవే ఆదివాసుల మధ్య నడిపిన ఆశ్రమం ఉంది. బార్డోలీ కథ రాసిన మహాదేవ్ దేశాయ్ కుమారుడు నారాయణ్ దేశాయ్ 2015లో మరణించేవరకు ఇక్కడే పనిచేశారు. వాలోడ్ లిజ్జత్ అప్పడాల కేంద్రంగా కూడా పేరు పొందింది.

చెరకు, చిరుతిండి

బాబేన్‌లోని సహకార చక్కెర మిల్లు 1955లో ఏర్పడి 1957లో గానుగ మొదలుపెట్టింది. ఆసియాలోని పెద్ద సహకార మిల్లుల్లో దీన్ని లెక్కిస్తారు. చెరకు నరికే కాలంలో డాంగ్, ఖాందేశ్ ప్రాంతాల నుంచి వచ్చిన కూలీ కుటుంబాల గుడిసెలు రోడ్ల పక్కన కనిపిస్తాయి. చీకటి పడ్డాక ఎడ్లబళ్లు, ట్రాక్టర్ల మధ్య బండి నడపడం నిదానంగా సాగాలి.

తినదగినవాటిలో మొదటిది పాత్రా: చేమాకులకు శనగపిండి రాసి, చుట్టి, ఆవిరిపై ఉడికించి, ముక్కలు కోసి పోపు పెడతారు. గుజరాత్ అంతటా చేసేదే అయినా బార్డోలీ పాత్రాకు పేరెక్కువ. రైలుమార్గంలో తరవాతి ఊరు మఢీ ఖమణీ అనే చిరుతిండికి ప్రసిద్ధం. ఏది గొప్పదన్న వాదం ఈ రెండూళ్ల మధ్య తెగేది కాదు.

రాకపోకలు

సూరత్ నుంచి ధూలే, నాగపూర్ వైపు పోయే 53వ నంబరు జాతీయ రహదారి బార్డోలీ మీదుగా వెళుతుంది. సూరత్–జల్‌గావ్ రైలుమార్గం 1900 ప్రాంతంలో ఏర్పడింది. చెన్నై–అహ్మదాబాద్ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా ఈ మార్గంలోనే సూరత్ చేరుతుంది. సూరత్ మరమగ్గాలకు వలసవచ్చిన తెలంగాణ నేత కుటుంబాలకు చిరపరిచితమైన బండి ఇది. అది ఎక్కడెక్కడ ఆగుతుందో ప్రయాణానికి ముందు టైమ్‌టేబుల్ చూసుకోవాలి. లేదంటే సూరత్‌లో దిగి బస్సులో గంటలో చేరవచ్చు.