జపాన్ యానిమేషన్‌లో స్త్రీ పాత్రలు

జపాన్ యానిమేషన్‌లో (ఆనిమేలో) ఆడపిల్లే నాయికగా టీవీ ధారావాహికలు రావడం 1960ల నడుమ మొదలైంది. తోయీ సంస్థ 1966 డిసెంబరులో ప్రారంభించిన 'మహోత్సుకాయి సాలీ'లో నాయిక మాయాలోకపు రాకుమారి. అమెరికన్ సీరియల్ 'బివిచ్డ్' దానికి ప్రేరణ.

మరుసటి ఏడాది బొమ్మల కథల రచయిత తెజుకా ఒసాము 'రిబోన్ నో కిషి' టీవీకి వచ్చింది. ఆడపిల్లకు సింహాసనం దక్కని రాజ్యంలో రాకుమారి సఫైర్ మగవేషంలో పెరుగుతుంది. మగ పాత్రలను కూడా స్త్రీలే వేసే నాటక బృందానికి పేరుపడ్డ తకరజుకాలో తెజుకా పెరిగాడు. ఆ ప్రభావం ఇందులో స్పష్టం. అయితే సఫైర్‌కు పుట్టుకతోనే అబ్బాయి హృదయం, అమ్మాయి హృదయం రెండూ ఉంటాయి. కత్తి పట్టే ధైర్యం మొదటిదాని చలవే! 1979లో వచ్చిన 'బెరుసాయు నో బారా' ఈ లెక్కను మార్చింది. ఇకెదా రియోకో అనే రచయిత్రి 1972లో మొదలుపెట్టిన బొమ్మల కథ దీనికి ఆధారం. ఫ్రెంచి సేనాని కూతురు ఆస్కార్‌ను తండ్రి కొడుకులా పెంచుతాడు. ఆమె నైపుణ్యం సాధనతో వచ్చింది, ఏ మాయా హృదయంతోనూ కాదు. ఫ్రెంచి విప్లవంలో రాచకొలువు వదిలి ప్రజల పక్షం చేరి, బాస్తీ కోట ముట్టడిలో ప్రాణం విడుస్తుంది.

దర్శకుడు మియజాకి హయావో నాయికల్లో నౌషికా (1984) పేరే ముందు వినిపిస్తుంది గానీ, 'మొనొనొకె హిమె' (1997)లోని ఎబోషి ఇంకా చిక్కని పాత్ర. వేశ్యావాటికల నుంచి విడిపించిన స్త్రీలకు ఆమె ఇనుప కొలిమిలో పని ఇస్తుంది, అడవినీ నరికిస్తుంది.

తకేఉచి నావొకో సృష్టి 'సెయిలర్ మూన్' 1992 నుంచి 1997 దాకా 200 భాగాలు నడిచింది. పోరాడేందుకు ఇక మగవేషం అక్కర్లేదు, స్కూలు యూనిఫాం చాలు. నాయిక ఉసాగి ఏడుపుగొట్టు, చదువులో వెనకబడ్డ పిల్ల. పొట్టి గౌన్లు, వేషం మారే దృశ్యాలపై విమర్శలున్నాయి, అవి కాదనలేనివే. హరుకా, మిచిరు అనే ఇద్దరు యువతుల ప్రేమను మాత్రం జపాన్ టీవీ దాచలేదు. అమెరికా డబ్బింగ్‌లో వాళ్లను వరసకు అక్కచెల్లెళ్లను చేసేశారు.

తెర వెనుక మార్పు నెమ్మది. సెల్ అనే పారదర్శక రేకులకు రంగులు వేసే పని ఎక్కువగా స్త్రీలదిగా, దర్శకత్వం పురుషులదిగా ఉండేది. 1957లో తోయీలో చేరిన ఒకుయామా రెయికో పెళ్లయ్యాక, తల్లయ్యాక కూడా ఉద్యోగం వదలక స్త్రీల హక్కుల కోసం కార్మిక సంఘంలో పోరాడింది. 'కె-ఆన్!' (2009)తో యమదా నావొకో దర్శకురాలిగా నిలదొక్కుకుంది.

తెర మీద, 2004లో తోయీ 'ప్రిక్యూర్' మొదలైంది. 'డ్రాగన్ బాల్' దర్శకుడు నిషియో దైసుకే ఇందులో అమ్మాయిల చేత నేరుగా పిడిగుద్దులు గుద్దించాడు. ఈ వరుసలో 2023 నాటి ధారావాహికలో ఓ అబ్బాయి తొలిసారిగా ప్రిక్యూర్ జట్టులో శాశ్వత సభ్యుడయ్యాడు.