రెండు చుట్లు ఎక్కువ

పందెం 200 చుట్లది. గెలిచిన మనిషి 202 చుట్లు తిరిగాడు. ఆ ఎక్కువ తిరిగిన రెండు చుట్లలో ఏం జరిగిందన్నది అమెరికా కార్ల పందేల చరిత్రలో ఇప్పటికీ చల్లారని తగువు.

1963 డిసెంబర్ 1, ఆదివారం. ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో స్పీడ్‌వే పార్క్ అనే మట్టి ట్రాక్. ఒక చుట్టు తిరిగితే అర మైలు, అంటే దాదాపు 800 మీటర్లు. డాలస్‌లో అధ్యక్షుడు కెన్నెడీని కాల్చి చంపి అప్పటికి తొమ్మిది రోజులు. ఆ రోజు నాస్కార్ సంస్థ నడిపే అగ్రశ్రేణి పోటీ గ్రాండ్ నేషనల్‌లో భాగంగా 100 మైళ్ల పందెం జరుగుతోంది. 34 నంబరు షెవర్లే నడుపుతున్నది వెండెల్ స్కాట్. 42 ఏళ్లవాడు, వర్జీనియాలోని డాన్‌విల్‌లో కార్లు బాగుచేసుకుని బతికే నల్లజాతి మెకానిక్. ఆ కారు కూడా కొత్తదేం కాదు, 1961 చాంపియన్ నెడ్ జారెట్ దగ్గర కొన్న పాతది. ఇంకా 25 చుట్లున్నాయనగా స్కాట్, అప్పటికే మొరాయిస్తున్న కారుతో నెట్టుకొస్తున్న రిచర్డ్ పెటీని దాటి ముందుకెళ్లాడు. ఈ పెటీయే ఆ తర్వాత ఏడుసార్లు చాంపియనై, 200 పందేలు గెలిచి ఆ ఆటకు రాజు అనిపించుకున్నాడు.

స్కాట్ 200వ చుట్టు పూర్తిచేశాడు. పందెం ముగిసిందని చెప్పే జెండా ఊగలేదు. ఇంకో చుట్టు వేశాడు. ఊగలేదు. ఆ తర్వాత గళ్ల జెండా లేచింది గానీ అది ఆయన కోసం కాదు. రెండు చుట్లు వెనకబడి వస్తున్న బక్ బేకర్‌ను విజేతగా ప్రకటించారు. ట్రోఫీ, ఫొటోలు, అందాల రాణి ముద్దు, అన్నీ బేకర్‌కే దక్కాయి.

నాస్కార్ నడిపే ఈ స్టాక్ కార్ పందెం మనకు అంతగా తెలియని ఆట. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ పోటీ చూసినవాళ్లకు రేసు కారంటే నేలకు కరుచుకుపోయే, చక్రాలు బయటికి కనబడే ఒంటి సీటు బండి. స్టాక్ కారు అలా ఉండదు. ఆ రోజుల్లో పేరుకు తగ్గట్టే షోరూములో అమ్మే ఇంటిల్లిపాది కారు, లోపల ఇనుప చట్రం బిగించి, ఇంజన్‌కు పదును పెట్టింది. అది ఎక్కువగా కోడిగుడ్డు ఆకారపు ట్రాక్ మీద ఎడమకే తిరుగుతుంది. మైలు లోపు ఉండే ట్రాక్‌ను షార్ట్ ట్రాక్ అంటారు. చూడనివాళ్లు ఇదేం ఆట, గానుగెద్దులా తిరగడమేగా అనుకుంటారు. కానీ పొట్టి ట్రాక్ మీద నేరుగా పోయే దారి కొంచెమే. మలుపులోంచి బయటపడి యాక్సిలరేటర్ తొక్కీ తొక్కకముందే ఇంకో మలుపు. మట్టి ట్రాకైతే వెనక చక్రాలు పక్కకు జారుతుంటాయి, ఆ జారుడునే వాడుకుని కారు తిప్పాలి. పందెం సాగేకొద్దీ నేల గుంతలు పడుతుంది. గుంతల్లో ఎవరి చక్రమో ఊడుతుంది, ఎవరి స్టీరింగో పట్టేస్తుంది. పెద్ద ట్రాక్ మీద డబ్బున్నవాడి ఇంజన్ గెలుస్తుంది. ఇక్కడ మాత్రం బండిని చివరిదాకా ముక్కలు కాకుండా తేగల మెకానిక్‌కు కూడా ఆశ ఉంటుంది. స్కాట్ లాంటి పేద డ్రైవర్‌కు అలాంటి ఆశ మిగిలింది ఈ పొట్టి ట్రాక్‌ల మీదే.

అదే పొట్టితనం లెక్కల దగ్గర శాపం. ఇప్పుడు ప్రతి కారులో చిన్న ఎలక్ట్రానిక్ పరికరం ఉంటుంది, గీత దాటగానే చుట్టు దానంతటదే నమోదవుతుంది. అప్పుడు చేతిలెక్క. ఒక్కో కారుకు ఒక్కో మనిషి చేతిలో కార్డు, పెన్సిలు పట్టుకుని కూర్చునేవారు. తమ కారు ఎదురుగా వెళ్లినప్పుడల్లా గడియారం చూసి టైము రాసుకోవాలి. అర మైలు ట్రాక్ మీద గంటకు 60 మైళ్ల వేగమంటే చుట్టుకు 30 సెకన్లు. 20 కార్లున్నాయనుకుంటే సెకనున్నరకొకటి కళ్ల ముందు నుంచి దూసుకుపోతుంది, అదీ దుమ్ములో. పది నిమిషాలు గడిస్తే ముందున్నవాడు వెనకున్నవాణ్ని మళ్లీ దాటుతుంటాడు, ఎవరు ఎవరికంటే ఎన్ని చుట్లు ముందో కంటికి అందదు. అసలు పందెం కార్డుల మీదే నడిచేది. నడిపేది డ్రైవరే అయినా గెలుపు రాసేది గుమాస్తా.

అందుకే గెలుపులు తారుమారవడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. 1959లో కొత్తగా కట్టిన డేటోనా ట్రాక్ మీద మొదటి 500 మైళ్ల పందెంలో జానీ బోచాంప్‌ను విజేత అన్నారు. ఫొటోలు, న్యూస్‌రీళ్లు తెప్పించి చూశాక మూడు రోజులకు లీ పెటీ గెలిచాడని తేల్చారు. అదే ఏడు అట్లాంటా లేక్‌వుడ్ ట్రాక్ మీద లీ కొడుకు రిచర్డ్ మొదటిసారి గెలిచానని సంబరపడుతుంటే, చుట్ల లెక్క తప్పని ఫిర్యాదు చేసి ఆ గెలుపు పట్టుకుపోయింది సాక్షాత్తూ కన్నతండ్రే. అసలు నాస్కార్ అగ్రశ్రేణి మొదటి పందెమే అలా మొదలైంది. 1949 జూన్ 19న షార్లట్‌లో గ్లెన్ డనవే ముందు వచ్చాడు. కారు విప్పి చూస్తే వెనక స్ప్రింగులు దొంగసారా మోసే బళ్లకు వేసే రకం. అది నిబంధనలకు విరుద్ధమని తీసేసి జిమ్ రోపర్‌కు గెలుపు ఇచ్చారు.

దొంగసారా అంటే ఈ ఆటకు పుట్టిల్లే. అమెరికా దక్షిణాదిలో కొండల మీద కాచిన నాటుసారాను రాత్రిపూట ఊళ్లకు చేర్చడానికి బయటికి మామూలుగా కనబడే, లోపల పోలీసులకు అందనంత వేగంగా పోయే కార్లు కావాలి. వాటిని తయారుచేసిన మెకానిక్‌లు, నడిపిన కుర్రాళ్లు ఆదివారం పూట ఎవరి బండి గొప్పదో తేల్చుకోవడానికి పొలాల్లో చేరేవాళ్లు. బిల్ ఫ్రాన్స్ అనే నిర్వాహకుడు 1947 డిసెంబర్‌లో డేటోనా బీచ్‌లోని ఒక హోటల్లో అందర్నీ కూర్చోబెట్టి దీనికో సంస్థ, నిబంధనలు ఉండాలన్నాడు. నాస్కార్ అలా పుట్టింది.

వెండెల్ స్కాట్‌దీ అదే బడి. 1921లో డాన్‌విల్‌లో పుట్టాడు. టాక్సీ నడిపాడు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మెకానిక్‌గా చేశాడు, తిరిగొచ్చి షెడ్డు పెట్టాడు, రాత్రిళ్లు సారా తోలాడు. 1952లో డాన్‌విల్ పందేల నిర్వాహకులకు ఓ ఆలోచన వచ్చింది. ఒక నల్లవాణ్ని దింపితే జనం విరగబడి టిక్కెట్లు కొంటారు. ఎవర్ని దింపాలి? పోలీసుల్ని అడిగారు. మీరు వెంటాడినవాళ్లలో బాగా నడిపే నల్లవాడెవడు? పోలీసులు చెప్పిన పేరు స్కాట్. డ్రైవింగుకు అంతకు మించిన సర్టిఫికెట్ ఎవరికైనా దొరుకుతుందా!

ఆ మే 23న మొదటి పందెం. కొందరు జనం గేలిచేశారు. మర్నాడే కారు బాగుచేసుకుని, వెనకాల కట్టుకుని, నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో నాస్కార్ పందేనికి వెళ్లాడు. నల్లవాళ్లను ఆడనివ్వం అన్నారు. కొన్నాళ్లకు హై పాయింట్ వెళితే, కావాలంటే నీ కారు తెల్లకుర్రాడెవరికైనా ఇవ్వు, నడుపుతాడన్నారు. ఇవ్వనని తిరిగొచ్చేశాడు. నాస్కార్ కాని చిన్న పందేల్లో పడి పైకొచ్చాడు. చివరికి లైసెన్సు దొరికింది రిచ్‌మండ్‌లో, మైక్ పోస్టన్ అనే పార్ట్‌టైం అధికారి దగ్గర. పైవాళ్లను అడక్కుండా పోస్టన్ కాగితం ఇచ్చేశాడు. 1954లో ఒక పందెం దగ్గర నిర్వాహకుడు తెల్ల డ్రైవర్లందరికీ పెట్రోలు ఖర్చులిచ్చి స్కాట్‌కు ఎగ్గొట్టాడు. స్కాట్ నేరుగా బిల్ ఫ్రాన్స్ దగ్గరికే వెళ్లి అడిగాడు. ఫ్రాన్స్ జేబులోంచి 30 డాలర్లు తీసిచ్చి, నువ్వు నాస్కార్ సభ్యుడివి, రంగుతో పనిలేదని మాటిచ్చాడు. ఆ 30 డాలర్లు ముట్టాయి. మాట సంగతి జాక్సన్‌విల్‌లో తేలింది.

1959లో వర్జీనియా రాష్ట్ర చాంపియన్ అయ్యాడు. 1961 మార్చిలో అగ్రశ్రేణిలో అడుగుపెట్టాడు. కంపెనీల అండ ఉన్న జట్లు పారేసిన టైర్లు, వాడేసిన విడిభాగాలతో బండి నడిచేది. పందెం మధ్యలో కారు ఆపి టైర్లు మార్చే పిట్‌లో కొడుకులే సహాయకులు. కొన్ని ఊళ్లలో హోటల్ గది దొరకదు, తిండి దొరకదు.

జాక్సన్‌విల్ అలాంటి ఊరే. 1960 ఆగస్టులో అక్కడ తెల్లవాళ్లకే కేటాయించిన భోజన కౌంటర్ల దగ్గర కూర్చుని నిరసన తెలిపిన నల్లజాతి యువకులను గుంపులు గొడ్డలి కర్రలతో వెంటాడి కొట్టాయి. మూడేళ్ల తర్వాత అదే ఊళ్లో, వేల మంది తెల్ల ప్రేక్షకుల ముందు, స్కాట్ అందరికంటే రెండు చుట్లు ముందున్నాడు.

ఆయన ఊరుకోలేదు. గెలిచింది నేనని అధికారుల దగ్గర పట్టుబట్టాడు. కార్డులు మళ్లీ తీశారు. కొన్ని గంటల తర్వాత, స్టాండ్లు ఖాళీ అయ్యాక, లెక్కలో పొరపాటు జరిగిందని, గెలిచింది స్కాటేనని ఒప్పుకున్నారు. బహుమతి 1,000 డాలర్లు ఇచ్చారు. ట్రోఫీ అప్పటికే బేకర్‌తో వెళ్లిపోయింది. కొన్నాళ్లకు స్కాట్ చేతిలో పెట్టింది పేరు కూడా లేని ఓ చవకబారు చెక్క ముక్క.

ఇది నిజంగా పొరపాటేనా? స్కాట్ చివరిదాకా కాదనే అన్నాడు. విజేతను తెల్ల అందాల రాణి ముద్దుపెట్టుకోవాలి, ఆ దృశ్యం జనం ముందు జరగకూడదనే ఆపారని ఆయన నమ్మకం. లెక్కలు తప్పడం మామూలే కాబట్టి కార్డు దగ్గర పొరపాటు జరిగే ఉండొచ్చని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం, పైన చెప్పిన తారుమార్లన్నీ తెల్లవాళ్ల మధ్య జరిగినవే. కానీ లీ పెటీ విషయంలో ఊరూరా ఫొటోల కోసం కబురుపెట్టిన సంస్థకు, స్కాట్‌కు ఒక ట్రోఫీ చేయించి ఇవ్వడానికి తీరిక దొరకలేదు. చుట్టు లెక్కపెట్టడంలో పొరపాటంటే నమ్మొచ్చు. ఇన్నేళ్లు ట్రోఫీ ఇవ్వకపోవడం లెక్కల పొరపాటని నన్ను నమ్మమంటే కష్టం.

రికార్డు పుస్తకాల్లో ఆ పందెం 1964 సీజన్ కింద ఉంటుంది, అప్పట్లో కొత్త సీజన్ నవంబరులోనే మొదలయ్యేది. స్కాట్ ఇంకో పదేళ్లు ఆడాడు. 1966లో మొత్తం పాయింట్లలో ఆరో స్థానంలో నిలిచాడు, పాత సామానుతో అది చిన్న విషయం కాదు. 1973 మేలో టలడేగా ట్రాక్ మీద ఘోర ప్రమాదంలో ఎముకలు విరిగాయి, ఆట దాదాపు అక్కడితో ఆగింది. అగ్రశ్రేణిలో మొత్తం 495 పందేలు, ఒక్క గెలుపు. 1977లో రిచర్డ్ ప్రయర్ హీరోగా ఆయన కథ ‘గ్రీస్డ్ లైట్నింగ్’ అనే సినిమాగా వచ్చింది. 1990 డిసెంబర్‌లో చనిపోయాడు. ఈలోపు మట్టి ట్రాక్‌లు కూడా అగ్రశ్రేణి నుంచి పోయాయి. 1970 సెప్టెంబర్‌లో రాలీలో జరిగిన, ఆ కాలపు ఆఖరి మట్టి పందెం గెలిచింది రిచర్డ్ పెటీయే.

2010లో జాక్సన్‌విల్‌లోని ఒక స్టాక్ కార్ హాల్ ఆఫ్ ఫేమ్ పాత ట్రోఫీకి నకలు చేయించి కుటుంబానికి ఇచ్చింది. 2015లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్కాట్ పేరు చేరింది. అది షార్లట్‌లో ఉంది, అక్కడి కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపించదగ్గ చోటు. నాస్కార్ తన చేత్తో ట్రోఫీ ఇచ్చింది మాత్రం 2021 ఆగస్టు 28న, డేటోనాలో. పందెం జరిగి అప్పటికి 57 ఏళ్లు దాటింది. ఆ అక్టోబర్‌లోనే బబ్బా వాలెస్ టలడేగాలో గెలిచాడు. అగ్రశ్రేణిలో స్కాట్ తర్వాత గెలిచిన తొలి నల్లజాతి డ్రైవర్ అతనే.

ఈ వాలెస్‌దే అంతకుముందు ఇంకో గెలుపుంది. 2014 అక్టోబర్‌లో ట్రక్కుల పందెం, ట్రాక్ మార్టిన్స్‌విల్, అదీ అర మైలు పైచిలుకుదే, డాన్‌విల్‌కు 30 మైళ్ల దూరం. ఆ రోజు వాలెస్ స్కాట్ గౌరవార్థం తన ట్రక్కుకు 34 నంబరు వేయించుకుని దిగాడు, గెలిచాడు. మార్టిన్స్‌విల్‌లో విజేతకు కప్పు ఇవ్వరు, మనిషెత్తు గడియారం ఇస్తారు. వాలెస్‌కు దాన్ని ఆ సాయంత్రమే, జనం ఇంకా స్టాండ్లలో ఉండగానే అప్పజెప్పారు.